ఆ కుర్రాడు పొగరుబోతేం కాదు

ఎడిటర్ గారికి నమస్కారం. పోయిన ఆదివారం కథ మీద వచ్చిన ఉత్తరాలు చూశాను, అందరూ ఆ కథలోని కుర్రాణ్ణి పొగరుబోతని తేల్చేశారు, నాకైతే అలా అనిపించలేదండీ. కథంతా వాడే చెప్తున్నాడు కదా, వాడు చెప్పిందల్లా నిజమని ఎందుకు నమ్మాలి? "నాకేం బాధ లేదు" అని మూడుసార్లు అంటాడు, అన్న ప్రతిసారీ చనిపోయిన తమ్ముడి చొక్కా సంగతి వస్తుంది, వాడు బాధని దాచుకుంటున్నాడనడానికి అసలు క్లూ అదే. టీనేజీ పిల్లల్లో డిప్రెషన్ ఏడుపుగా కాకుండా చిరాకుగా, కోపంగా బయటపడటం కూడా మామూలేనని డాక్టర్లు చెప్తారు. అద్దం పగలగొట్టే సీన్ మాత్రం కొంచెం ఓవర్, సినిమాల్లో చూసి చూసి విసుగొచ్చింది. చివర్లో వాడు తలుపు దాకా వచ్చి అమ్మని పిలవకుండానే వెనక్కెళ్ళిపోతాడే, అక్కడ రచయిత ఒక్క ముక్క కూడా వివరించలేదు, నాకు బాగా నచ్చింది అదే.

ఇట్లు,
ఒక పాఠకురాలు