తాతయ్య పద్యాల సీడీ

ఒరే బావా,

ఎలా ఉన్నావ్? ఇక్కడ రాజోల్లో వారం నుంచి ఒకటే ముసురు, గుమ్మం దాటింది లేదు, తోచక బీరువా సర్దుతుంటే తాతయ్య పద్యాల సీడీ దొరికింది రా. 2002లో పెద్దమావయ్య అమెరికా నుంచి పంపించాడే, అదే.

అప్పట్లో ఫోను తీగ మీద వచ్చే డయలప్ నెట్టే కదా, సెకనుకి 28.8 కిలోబిట్ల మోడెం మీద పాట ఆగకుండా రావాలంటే రియల్ ఆడియో లాంటి ఫార్మాటే దిక్కు, 1995లో వచ్చిందది, గొంతుని పిండి పిండి సన్నగా చేసి పంపేది. మావయ్య మన కాసెట్టుని అందులోకే ఎక్కించాడు. ఇప్పుడేమో ఫోన్లో ఓపెనే అవ్వదు. సరే అని ఆ రియల్ ఫైలు పేరు చివర డాట్ ఆర్ఎం తీసేసి డాట్ ఎంపీత్రీ అని పెట్టేశా, నవ్వకు, ఆశ అంతే. ఇంకోటి డాట్ ర్యామ్ అని ఉంది, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లోపల ఒక్క లైను అడ్రస్సు! పాట కాదు, పాట ఎక్కడుందో చెప్పే చీటీ అన్నమాట, ఆ సర్వరు ఎప్పుడో పోయింది.

చివరికి మేనల్లుడొచ్చి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అని, ఒక రకం ఫైల్ని ఇంకో రకంలోకి మార్చే సాఫ్ట్‌వేర్, ఫ్రీగా దొరికేదే, అది ఎక్కించి నల్ల విండోలో ఒక్క లైను కొట్టాడు, అయిపోయింది. 40 నిమిషాల రికార్డింగు, 5 ఎంబీ కూడా లేదు, సీడీ క్వాలిటీ వేవ్, అంటే ఏమీ పిండకుండా ఉంచే ఫైలు, చేసేసరికి 400 ఎంబీ దాటిపోయింది. ఇంత లావైంది కదా గొంతు కూడా తేరుకుంటుందనుకున్నా. అబ్బే! నీళ్ళు కలిపిన పాలు చెంబులోంచి గంగాళంలో పోసినట్టు. 'స' వచ్చిన చోటల్లా ఈల, 12వ నిమిషంలో తాతయ్య రాగం ఆపేసి "ఆ ఫ్యానాపరా" అంటాడు చూడు, ఆ ఫ్యాను చప్పుడు అచ్చం పుక్కిలించినట్టుంది. అప్పుడు పిండేసి పారేసింది ఇప్పుడేం చేసినా రాదట, దాన్నే మళ్ళీ ఎంపీత్రీ చేస్తే ఇంకాస్త పోతుందట. అయినా అమ్మ ఫోన్లోకి కావాలి కదా, సెకనుకి 64 కిలోబిట్ల చొప్పున, మోనోలో (ఒకే ఛానెల్) చేయించా, 20 ఎంబీ లోపే వచ్చింది, అమ్మ వింటూ ఏడ్చింది, తర్వాత ఫ్యాను గురించి తిట్టింది. పాత ఆర్ఎం ఫైలు మాత్రం ముట్టుకోకుండా రెండు చోట్ల దాచా.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా కాసెట్టు ఈ చెమ్మకి ఎప్పుడో పాడైపోయింది. మీ నాన్నగారు అప్పట్లో ఒక కాపీ చేయించుకున్నారు, నాకు బాగా గుర్తు. దసరాకి పాలకొల్లు వెళ్తావు కదా, అటక మీద ట్రంకుపెట్టెలో చూడు. అది దొరికితే నేరుగా టేప్‌రికార్డర్ నుంచి లాప్‌టాప్‌లోకి వైరు తగిలించి వేవ్ చేసుకుందాం, మధ్యలో ఈ పిండుడు ఉండదు. కాపీకి కాపీయే అనుకో, అయినా ఈ ఈల కంటే నయమే. రీలు మీద తెల్లగా బూజు కనబడిందో, ఎలా ఉందో విందామని టేప్‌రికార్డర్లో మాత్రం పెట్టకు, అలాగే కవర్లో చుట్టి పట్రా.