మన బాబు బోన్ మ్యారో సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ

గ్రామ పెద్దలకు, చందాదారులకు, దూరదేశాల నుంచి డబ్బు పంపిన మనవాళ్ళకు కమిటీ నమస్కారాలు. తలసీమియా (ఒంట్లో సరిపడా మంచి రక్తం తయారుకాక తరచూ రక్తం ఎక్కించాల్సివచ్చే పుట్టుజబ్బు) ఉన్న తొమ్మిదేళ్ళ బాబుకు అక్క బోన్ మ్యారో (ఎముక మజ్జ)లోని, రక్తం పుట్టించే మూలకణాలు ఎక్కించిన వైద్యానికి, అంటే మార్పిడికి, ఇప్పటివరకు అయిన లెక్క ఇది. "కోల్ ఇండియా పథకం పది లక్షలు ఇచ్చాక మన డబ్బు ఎటు పోయింది?", "ఫుల్ మ్యాచ్ అన్నారు, మళ్ళీ అడ్మిషన్ ఏమిటి?" అనే రెండు ప్రశ్నలు ఊళ్ళో తిరుగుతున్నాయి. రెండింటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాం.

జమ
ఇంటింటి చందాలు, రశీదు పుస్తకాలు 1 నుంచి 7: రూ. 4,18,600
గల్ఫ్, అమెరికాల్లోని మనవాళ్ళు, బ్యాంకు ద్వారా: రూ. 6,35,000
హైస్కూలు పాత విద్యార్థులు: రూ. 1,10,000
స్కూలు పిల్లల హుండీ: రూ. 23,450
రామాలయం నవమి మిగులు: రూ. 40,000
కుటుంబం బంగారం కుదువపెట్టి తెచ్చినది: రూ. 3,50,000
మొత్తం: రూ. 15,77,050

తలసీమియా పిల్లల మార్పిడికి సాయం చేసే కోల్ ఇండియా పథకం సొమ్ము నేరుగా ఆసుపత్రికే జమవుతుంది, మన ఖాతాలోకి రాదు. అందుకే జమలో లేదు.

ఖర్చు
1. టైపింగ్ (అక్క కణాలు బాబుకు మ్యాచ్ అవుతాయో లేదో చూసే పరీక్ష), గుండె, కాలేయంలో ఐరన్ ఎంత ఉందో చూసే ఎమ్మారై, పళ్ళ పరీక్షలు: రూ. 96,400
2. ఆసుపత్రి మార్పిడి ప్యాకేజీలో పథకం సొమ్ము పోగా మిగిలినది: రూ. 2,40,000
3. గది అద్దె, తిండి, ఆటోలు: రూ. 1,32,000
4. అక్క మ్యారోలోంచి ఎర్రకణాలు తీసివేసినందుకు: రూ. 55,000
5. రక్తం, ప్లేట్‌లెట్లు: రూ. 1,38,500

నాలుగు, ఐదు పద్దుల మీద గొడవ జరిగింది. బాబు బ్లడ్ గ్రూపు 'ఓ' పాజిటివ్, అక్కది 'బి' పాజిటివ్. గ్రూపే కలవనప్పుడు మ్యాచ్ రిపోర్టు దొంగదని కొందరు తేల్చేశారు. మ్యాచ్ చూసే హెచ్ఎల్ఏ జన్యువులు (ఏ కణం సొంతది, ఏది పరాయిది అని శరీరం పోల్చుకునే గుర్తులు వీటివే) ఆరో క్రోమోజోము మీద ఉంటాయి, బ్లడ్ గ్రూపు జన్యువు తొమ్మిదో దాని మీద ఉంటుంది. తోబుట్టువులకు హెచ్ఎల్ఏ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి; అది కలిసినా గ్రూపు వేరుగా ఉండవచ్చు, అంతమాత్రాన మార్పిడి ఆగదు. అయితే బాబు ఒంట్లో బి గ్రూపును ఎదిరించే యాంటీబాడీలు ముందునుంచే ఉంటాయి. మ్యారోను ఎర్రకణాలతో సహా ఎక్కిస్తే అవి పగిలి మూత్రపిండాల మీద పడతాయి. అందుకే తీసివేయించారు. ఆ యాంటీబాడీలు కొన్ని నెలలు మిగిలి ఉండి కొత్త ఎర్రకణాలను ఆలస్యం చేస్తాయి కాబట్టి ఎర్రకణాలు 'ఓ' గ్రూపువి, ప్లేట్‌లెట్లు బి లేదా ఏబీ గ్రూపువి ఇచ్చారు. బ్యాగు మీద బి అని చూసి "మార్చి ఎక్కించారు" అన్నవాళ్ళు ఇది గమనించాలి. ప్రతి బ్యాగూ 25 గ్రే (రేడియేషన్ కొలత) మోతాదులో రేడియేషన్ పెట్టించిందే. పెట్టకపోతే రక్తదాతల లింఫోసైట్లే (తెల్లకణాల్లో ఒక రకం) బాబు ఒంటి మీద దాడి చేసే ప్రమాదం ఉంది. మార్పిడికి ముందు మేనమామల రక్తం వద్దన్నందుకు వాళ్ళు నొచ్చుకున్నారు. రక్తసంబంధీకుల రక్తం ముందే ఎక్కితే అక్క కణాలను శరీరం తిరస్కరించే అవకాశం పెరుగుతుందన్నదే కారణం. బైక్ మీద రాత్రికి రాత్రి వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చిన కుర్రాళ్ళకు కమిటీ రుణపడి ఉంటుంది.

6. రెండో అడ్మిషన్: రూ. 4,62,700

అందరూ వేలు చూపిస్తున్నది దీనికే. మార్పిడి తర్వాత ఐదో వారంలో బాబు అరచేతులు, అరికాళ్ళు, చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ఆకుపచ్చ నీళ్ళ విరేచనాలు మొదలయ్యాయి. "అక్క కణాలు ఒంటికి పడలేదు" అని ప్రచారమైంది. జరిగింది దానికి తలకిందులు. కణాలు చక్కగా కుదురుకున్నాయి, కానీ వాటిలోని టీ-లింఫోసైట్లు బాబు చర్మాన్ని, పేగును పరాయివిగా చూసి కొట్టాయి. ఇలా దాత కణాలు రోగి ఒంటిని కొట్టడాన్నే జీవీహెచ్‌డీ అంటారు. హెచ్ఎల్ఏ గుర్తులు పదికి పది కలిసినా, ఒకే అండం నుంచి పుట్టిన కవలలు కాని తోబుట్టువుల మధ్య చిన్న ప్రోటీన్ తేడాలు ఉండనే ఉంటాయి. పైగా ఆడపిల్ల కణాలకు మగపిల్లవాడి వై క్రోమోజోము ప్రోటీన్లు కొత్త. నివారణకు రోగనిరోధకతను అణిచే మందులు సైక్లోస్పోరిన్, మార్పిడి తర్వాత 1, 3, 6, 11 రోజుల్లో మెథోట్రెక్సేట్ ఇచ్చారు. అవి ప్రమాదం తగ్గిస్తాయి తప్ప పూర్తిగా తుడిచెయ్యవు. టీ-కణాలన్నీ ముందే తీసేస్తే పోయేది కదా అంటే, అప్పుడు మార్పిడే తిరగబడి తలసీమియా మళ్ళీ వచ్చే ముప్పు, ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతాయి.

విరేచనం కొలిచి రాస్తారు. పిల్లల్లో రోజుకు కిలో బరువుకు 30 మి.లీ. దాటితే పేగు జీవీహెచ్‌డీ మూడో దశకు చేరినట్టు. బాబు బరువు 22 కిలోలు, అంటే 660 మి.లీ.; అతనికి అంతకు మించి పోయింది. ఎండోస్కోపీ (గొట్టంతో పేగు లోపల చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అనవసర ఖర్చు అని కొందరు అన్నారు. సీఎంవీ (చాలామంది ఒంట్లో నిద్రాణంగా ఉండి, రోగనిరోధకత తగ్గితే లేచే వైరస్) వల్లా ఇవే విరేచనాలు వస్తాయి. తేల్చుకోకుండా స్టెరాయిడ్ పెంచితే వైరస్‌కు దారి ఇచ్చినట్టే. మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ కిలోకు 2 మి.గ్రా. చొప్పున రోజుకు 44 మి.గ్రా. ఇచ్చారు. నోటితో తిండి ఆపి నరం ద్వారా పోషణ ఇచ్చారు. బిల్లులో పెద్ద వాటా దానిది, ఐసోలేషన్ గదిది.

7. రుక్సోలిటినిబ్ మాత్రలు: రూ. 1,64,000

ఐదు రోజులు స్టెరాయిడ్ ఇచ్చినా ముదురుతుంటే అది లొంగని జీవీహెచ్‌డీ కిందే లెక్క. అప్పుడు రుక్సోలిటినిబ్ 5 మి.గ్రా. మాత్రలు పూటకొకటి, రోజుకు రెండు మొదలుపెట్టారు. ఇదే మందు సగం ధరకు బిల్లు లేకుండా తెస్తామని ఒకరు ముందుకొచ్చారు. బిల్లు లేని మందు, బ్యాచ్ నంబరు లేని మందు బాబు నోట్లో వేయడానికి కమిటీ ఒప్పుకోలేదు. మళ్ళీ అడిగినా ఒప్పుకోం.

8. వారం వారం సీఎంవీ పీసీఆర్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష), దాని మందు గాన్‌సైక్లోవిర్: రూ. 1,21,300

స్టెరాయిడ్‌తో వైరస్ నిద్ర లేచింది. దానికి ఇచ్చిన మందు తెల్లకణాలను, రుక్సోలిటినిబ్ ప్లేట్‌లెట్లను తగ్గించాయి. ఐదో పద్దు అంత పెరగడానికి ఇదొక కారణం.

9. బ్యాంకు చార్జీలు, రశీదుల ముద్రణ: రూ. 2,160

మొత్తం ఖర్చు: రూ. 14,12,060
నిల్వ: రూ. 1,64,990

నిల్వ పంచేయమన్నవారికి: వైద్యం అయిపోలేదు. రక్తంలో సైక్లోస్పోరిన్ లెవెల్ చూస్తూ మెల్లగా తగ్గించాలి. ఫంగస్ మందు మొదలుపెట్టినా ఆపినా ఆ లెవెల్ మారిపోతుంది, మళ్ళీ పరీక్ష చేయించాలి. చిన్నప్పటి టీకాల రక్షణ పోయినట్టే కాబట్టి అన్నీ తిరిగి వేయించాలి; తట్టు టీకా లాంటివి మార్పిడికి రెండేళ్ళు దాటి, రోగనిరోధకత తగ్గించే మందులు ఆపాకే. ఇన్నేళ్ళ రక్తమార్పిడులతో కాలేయంలో చేరిన ఐరన్‌నూ తీయించాలి.

ప్రస్తుతం విరేచనాలు ఆగాయి. రక్తం ఎక్కించకుండానే హిమోగ్లోబిన్ 10 పైన నిలుస్తోంది. అక్క ఆరోగ్యంగా బడికి వెళ్తోంది, తీసిన మ్యారో కొన్ని వారాల్లోనే పూడుతుంది. ఆమె గురించి పుకార్లు దయచేసి ఆపండి.

సభలో మైకు ముందు ప్రకటించి ఇంకా ఇవ్వని చందాలు రూ. 2,10,000. పేర్లు రాయడం లేదు. ఆ మాట నమ్మే రెండో అడ్మిషన్ అడ్వాన్సు కోసం కుటుంబం మరికొంత బంగారం కుదువపెట్టింది. ఇవ్వగలిగినవారు ఖాతాలో వేసి రశీదు తీసుకోండి, ఇవ్వలేనివారు ఆ మాటైనా చెప్పండి. ఒరిజినల్ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు పంచాయతీ ఆఫీసులో ఉన్నాయి. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి పద్దు పద్దూ చూసుకోవచ్చు.