గ్నస్ మొరాయిస్తే ముందు ఎక్కడ చూడాలి

ఒరేయ్ శీనూ,

గ్నస్ తెరుచుకోవడం లేదని నిన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాక నాకు తేలిందేంటంటే ఎడిటర్ ఈమాక్స్ బాగానే ఉంది, పేచీ అంతా దాని లోపల మెయిలూ, న్యూసూ చదివే గ్నస్‌ది. నువ్వేమో ఈమాక్స్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైల్లో, అదే ఇనిట్ ఫైల్లో, ఒక్కో లైనూ తీసేసి చూస్తున్నావు. అక్కడెంత వెతికినా దొరకదురా. గ్నస్‌కి సొంత ఫైలుంది, హోమ్ డైరెక్టరీలో డాట్ గ్నస్ డాట్ ఈఎల్. ఈమాక్స్ తెరిచినప్పుడు దాని జోలికే పోదు. ఎమ్-ఎక్స్ గ్నస్ కొడితేనే (అంటే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కి, ఆ ఆదేశం పేరు కొడితేనే) చదువుతుంది. ఇనిట్ ఫైల్లో తప్పులు చూపించే డీబగ్-ఇనిట్ పెట్టి ఈమాక్స్ తెరిచినా నీకేమీ కనబడనిది అందుకే.

పైగా గ్నస్ మహా పొదుపరి. తెర కింద ‘ఎర్రర్ ఇన్’ అని ఫైలు పేరూ ఓ ముక్కా చెప్పి ఊరుకుంటుంది. కాబట్టి ముందు ఎమ్-ఎక్స్ టాగుల్-డీబగ్-ఆన్-ఎర్రర్ కొట్టు, తర్వాత గ్నస్ తెరువు. ఈసారి బ్యాక్‌ట్రేస్, అంటే తప్పు దొర్లేసరికి ఏమేం నడుస్తున్నాయో చెప్పే జాబితా, వస్తుంది. చాంతాడంత ఉందని కంగారుపడకు, ఇవాల్-బఫర్ అన్న లైను పట్టుకో. దాని చివర ‘రీడింగ్ ఎట్ బఫర్ పొజిషన్’ అని ఒక అంకె ఉంటుంది. నీ ఫైలు తెరిచి, ఎమ్-ఎక్స్ గోటు-కార్ కొట్టి ఆ అంకె ఇస్తే కర్సర్ తిన్నగా గొడవ దగ్గరికే పోతుంది.

‘ఎండ్ ఆఫ్ ఫైల్ డ్యూరింగ్ పార్సింగ్’ అంటే మాత్రం ఆ అంకె పనికిరాదు. ఎక్కడో బ్రాకెట్టు మూయలేదు, అంతే. ఎమ్-ఎక్స్ చెక్-పేరెన్స్ చూపిస్తుంది.

నాకు అసలు అనుమానం ఆ వర్డ్ ఫైలు మీద. మీ ఆఫీసులో ఎవరో సెట్టింగులు వర్డ్‌లో పెట్టి పంపారన్నావు కదా! వర్డ్ మామూలు కోట్‌లని వంకర కోట్‌లు చేసేస్తుంది. ఈమాక్స్ 27 నుంచీ అయితే ‘స్ట్రేంజ్ కోట్’ అని మొహం మీదే చెబుతుంది. పాతదైతే ‘వేరియబుల్ ఈజ్ వాయిడ్’ అని అర్థంపర్థం లేకుండా తిడుతుంది. ఆ కోట్‌లన్నీ చెరిపి చేత్తో కొట్టు.

ఫైలు సరిచేసినా మార్పు కనబడకపోతే పక్కనే దాని కంపైల్ చేసిన పాత కాపీ, డాట్ గ్నస్ డాట్ ఈఎల్‌సీ, ఉందేమో చూడు. ఉంటే దాన్నే లోడ్ చేస్తుంది. తీసిపారెయ్.

డాట్ న్యూస్‌ఆర్‌సీ డాట్ ఈఎల్‌డీ మాత్రం కోపంలో కూడా చెరపకు. గ్నస్ పుట్టిందే యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చా గ్రూపుల న్యూస్ చదవడానికి, అందుకే ఆ ఫైలుకి ఆ పేరు. నువ్వు పెట్టుకున్న గ్రూపుల లెక్కంతా అందులోనే ఉంటుంది.

అప్పటికీ తెరుచుకోకపోతే బ్యాక్‌ట్రేస్ మొత్తం పంపు, పాస్‌వర్డ్ ఏదైనా కనబడితే తీసేసి మరీ. అమ్మగారి మోకాలు ఎలా ఉందో కూడా రాయి.

నీ
మూర్తి