‘నోలాక్’ పెట్టమని సలహా ఇవ్వకండి

సంపాదకులకు నమస్కారం.

ఎన్‌ఎఫ్‌ఎస్ (సర్వర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్‌లో పంచుకునే పద్ధతి) ద్వారా వాడే ఫైల్ మీద ‘నో లాక్స్ అవైలబుల్’ (తాళాలు దొరకడం లేదు) అని వస్తే, మౌంట్ చేసేటప్పుడు, అంటే ఆ డైరెక్టరీని మన మెషీన్‌కు కలిపేటప్పుడు, ‘నోలాక్’ అనే ఆప్షన్ పెట్టుకోండి, సరిపోతుందని చాలామంది చెబుతుంటారు. మీ పాఠకుల్లో ఆఫీసు సర్వర్లు చూసుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, ఆ మాట విని నేను పడ్డ కష్టం చెబుతున్నాను.

నేను పదిహేనేళ్లుగా లినక్స్ సర్వర్లు చూసుకుంటున్నాను. ఒకరోజు మా స్టాక్ లెక్కల ప్రోగ్రామ్ ఉన్నట్టుండి ఆగిపోయింది. అందరూ పని మానేసి నా వైపే చూస్తున్నారు. ఆ టెన్షన్‌లో నోలాక్ పెట్టేశాను. వెంటనే నడిచింది. నాలుగు రోజులు పోయాక చూస్తే, ఇద్దరు ఒకేసారి రాసిన చోటల్లా ఒకరి ఎంట్రీలు లేవు. ఎక్కడా ఎర్రర్ కూడా రాలేదు. పాత బ్యాకప్‌లు, కాగితం బిల్లులు ముందేసుకుని రెండు రాత్రులు కూర్చుని సరిచేశాం. ఒకరు రాస్తుండగా ఇంకొకరు అక్కడే రాయకుండా ఆపేది తాళం (లాక్). నోలాక్ పెడితే ఏ మెషీన్ తాళం ఆ మెషీన్‌లోనే ఉండిపోతుంది. సర్వర్‌కు తెలియదు, పక్క మెషీన్‌కు అసలే తెలియదు. ఒక్క మెషీనే వాడే డైరెక్టరీ అయితే ఇబ్బంది లేదు గానీ, పదిమంది రాసే ఫైల్‌కు అది ప్రమాదం.

అసలు తప్పు ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే రక్షణలో) ఉంది. ఎన్‌ఎఫ్‌ఎస్ మూడో వెర్షన్‌లో ఫైళ్లు 2049 పోర్టు (సర్వీసుకు ఉండే ద్వారం నంబర్) మీద నడుస్తాయి. తాళాల పని లాక్‌డీ, స్టాట్‌డీ అనే వేరే సర్వీసులది. వాటి పోర్టులు మనం ఖాయం చేయకపోతే రీబూట్ తర్వాత మారిపోవచ్చు. అందుకే ఫైల్ చక్కగా తెరుచుకుంటుంది, చదవొచ్చు కూడా, తాళం వేయబోతేనే ఆగిపోతుంది. ఈ లక్షణం కనిపిస్తే ముందు ‘ఆర్‌పీసీఇన్ఫో’ కమాండ్‌తో సర్వర్‌లో ఆ రెండు సర్వీసులూ నమోదయ్యాయో లేదో చూడాలి. తర్వాత వాటి పోర్టులు ఖాయం చేసి ఫైర్‌వాల్‌లో తెరవాలి. క్లయింట్ (ఫైల్ వాడే మెషీన్) వైపు కూడా తెరవాలి, ఎందుకంటే తాళం దొరికిందన్న కబురు సర్వరే అటు పంపుతుంది. నేను చాలా ఆలస్యంగా గమనించింది ఇదే.

ఇంకొకటి. సర్వర్ రీబూట్ అయ్యాక పాత తాళాలను తిరిగి అడిగేవాళ్ల కోసం కాసేపు కొత్త తాళాలు ఇవ్వదు. లినక్స్‌లో మామూలుగా అది 90 సెకన్లు. కంగారుపడి ఈలోపు మళ్లీ రీస్టార్ట్ చేస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

వీలైనవాళ్లు నాలుగో వెర్షన్‌కు మారాలని నా విన్నపం. అందులో తాళాలు కూడా 2049 మీదే నడుస్తాయి. క్లయింట్ పడిపోయి తిరిగి రాకపోయినా, గడువు దాటితే సర్వర్ దాని తాళాన్ని వేరొకరికి ఇవ్వగలదు. మూడో వెర్షన్‌లో అయితే అది అలాగే ఉండిపోతుంది, మనమే వెతికి తీయాలి.

ఈలోగా ఎవరైనా నోలాక్ పెట్టి మరిచిపోయి ఉంటే, ఇవాళే, మౌంట్ ఆప్షన్లు రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ తెరిచి చూడండి.

ఇట్లు,
ఒక సర్వర్ నిర్వాహకురాలు