ఏ ఊరైనా సరే, ముందు బస్సెక్కి చూడు

పవర్‌పేట, ఏలూరు

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో "అమెరికాలో ఏ ఊళ్లో ఉద్యోగానికి చేరాలి, డాలసా, చికాగోనా, సియాటిలా, మీరే చెప్పండి నాన్నా" అన్నావు. స్పీకర్ ఆన్‌లో ఉంది. నేను నోరు తెరిచేలోపే మీ అమ్మ "డాలసే, అన్నయ్య ఉన్నాడు కదా" అని తీర్పు చెప్పేసింది. అందుకే ఈ ఉత్తరం. కాగితం మీద అయితే ఎవరూ మధ్యలో అందుకోరు.

అమెరికాతో నా పరిచయం ఆరు నెలల పది రోజులు. ఆరు నెలలు అన్నయ్య దగ్గర, పది రోజులు చికాగోలో మీ పెద్దమ్మ కొడుకు దగ్గర. సియాటిల్ చూడనే లేదు. అయితే ముప్ఫై మూడేళ్లు ఆర్టీసీలో చేశాను, అందులో సగం బస్టాండులో కంట్రోలర్‌గా మైకు ముందు కూర్చున్నాను. ఏ ఊరెళ్లినా ఇక్కడి మనిషి అక్కడికి ఎలా వెళ్తాడన్నదే నాకు ముందు కనపడుతుంది. ఇది నా జబ్బు అనుకున్నా సరే.

అన్నయ్య ఇల్లు ఎంత బాగుంటుందో నీకు తెలుసు. అందరూ డాలస్ అంటారు గానీ వాళ్లు ఉండేది ఫ్రిస్కోలో. ఒకరోజు మీ అమ్మ చారులోకి కొత్తిమీర లేదంది. వదిన మీటింగ్‌లో ఉంది. ఇండియన్ స్టోర్ మ్యాపులో మైలున్నర చూపించింది. మైలున్నర ఒక లెక్కా అని చెప్పులేసుకుని బయల్దేరాను. ఆగస్టు నెల. కాసేపు ఫుట్‌పాత్ ఉంది, తర్వాత గడ్డి వచ్చింది, ఆ తర్వాత ఆరు లేన్ల రోడ్డు. దాటడానికి బటన్ నొక్కి నిలబడితే, ఆ చుట్టుపక్కల కాళ్ల మీద నిలబడిన ప్రాణిని నేనొక్కణ్ణే. ఎవరో మన కుర్రాడు కారాపి, "అంకుల్, దారి తప్పారా?" అని తెలుగులోనే అడిగాడు. లేదు బాబూ, కొత్తిమీరకి వెళ్తున్నానంటే నమ్మలేదు. ఇంటి దగ్గర దింపేసి వెళ్లాడు. "నాకు చెప్తే తీసుకెళ్లేదాన్ని కదా మామయ్యగారూ" అని వదిన నొచ్చుకుంది. పాపం, తన తప్పేముంది? ఆ ఆరు నెలలూ గుడికి వెళ్లాలన్నా, జుట్టు కత్తిరించుకోవాలన్నా శనివారం దాకా ఆగి ఒకరిని అడగాల్సి వచ్చింది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఎంత బాగుందో! మన తిరునాళ్లలా జనం. కానీ నా అంతట నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు.

డాలస్‌లో రైళ్లు లేవని కాదు. 93 మైళ్ల లైట్ రైల్ ఉంది, చిన్నదేం కాదు. కానీ ఫ్రిస్కో ఆ వ్యవస్థలో చేరలేదు. ఇంకొంచెం అవతల ఆర్లింగ్టన్ అని, మన ఏలూరు కన్నా పెద్ద ఊరు, దాదాపు నాలుగు లక్షల జనం. అక్కడ రూటు ప్రకారం, టైము ప్రకారం తిరిగే సిటీ బస్సే లేదు! ఫోన్‌లో పిలిస్తే వచ్చే చిన్న వ్యాన్లు నడుపుతున్నారు. ఆ సంగతి తెలిసిన రోజు నాకు సరిగా నిద్ర పట్టలేదు. మీ అమ్మ నవ్వింది.

చికాగోలో రెండోరోజే మీ పెద్దమ్మ కొడుకు బస్సులకీ రైళ్లకీ పనికొచ్చే ఒక కార్డు ఇచ్చి "బాబాయ్, మీరే తిరిగి రండి" అన్నాడు. అక్కడి వీధి నంబర్లు ఎవరో మన ట్రాఫిక్ విభాగం వాళ్లే వేసినట్టున్నాయి. స్టేట్, మాడిసన్ వీధులు కలిసేచోట సున్నా. అక్కణ్ణుంచి మైలుకి 800 చొప్పున పెరుగుతాయి. డెవాన్ అవెన్యూ 6400 నార్త్ అన్నారంటే ఎనిమిది మైళ్లని నోటితో లెక్క కట్టేయొచ్చు. రెడ్ లైన్ రైలెక్కి, లయోలాలో దిగి, 155 నంబరు బస్సు పట్టుకుని డెవాన్‌లో మన కొట్ల దగ్గర దిగాను. కొత్తిమీర కొనుక్కుని మళ్లీ అదే దారిలో ఇంటికొచ్చాను. మీ అమ్మకి ఆ కట్ట చూపించినప్పుడు నా మొహం చూడాల్సింది.

అయితే నేను వెళ్లింది సెప్టెంబరులో. పెళ్లిచూపుల్లో చూసిన పిల్లలాంటిదే సెప్టెంబరు చికాగో. 2019 జనవరిలో అక్కడ మైనస్ 30 డిగ్రీలకి పోయింది. స్టాపులో పది నిమిషాలు బస్సు కోసం నిలబడటం వేరే సంగతి అయిపోతుంది. రాత్రి పొద్దుపోయాక కొన్ని వైపుల రైల్లో ఒంటరిగా రావద్దని మీ పెద్దమ్మ కొడుకే చెప్పాడు. అలాగని చలి చికాగో సొత్తేమీ కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు అన్నయ్య వాళ్లు రెండు రోజులు స్వెట్టర్లతోనే పడుకున్నారు, గుర్తుందా?

అల్లుడుగారు టాక్స్ సంగతి అన్నారు. నిజమే, టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. చికాగో ఉన్న ఇల్లినాయ్‌లో 4.95 శాతం. నీకు లక్షా ఇరవై వేల డాలర్లు వస్తే దాదాపు ఆరు వేలు పోతుంది. సొంత ఇల్లు కొంటే పన్ను రెండుచోట్లా గట్టిదే. ఆ ఆరు వేల పక్కన రెండో కారు కిస్తీ, ఇన్సూరెన్స్, పెట్రోలు రాసి చూడమను. ఆయన లెక్కల మనిషి, నాకంటే బాగా వేస్తారు.

నాకు టెన్షన్ పెట్టేది పన్ను కాదు, ఆ 60 రోజులు. హెచ్1 వీసా మీద ఉన్నప్పుడు ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి కదా. ఆ రోజు పక్క వీధిలో ఎన్ని కంపెనీల తలుపులు తట్టగలవన్నది చూసుకో. సియాటిల్‌కి నేను వెనకాడేది అందుకే. జీతాలు బాగుంటాయి, పచ్చగా ఉంటుందంటారు, కానీ మీ పనిలో ఒకటి రెండు పెద్ద కంపెనీలు తుమ్మితే ఊరంతా జలుబు. 1971లో బోయింగ్ వేలమందిని తీసేసినప్పుడు "ఆఖరున వెళ్లేవాళ్లు లైట్లు ఆర్పండి" అని అక్కడ రోడ్డు పక్క బోర్డు పెట్టారట. ఈ విషయంలో డాలస్‌కి మార్కులు వేస్తాను. రకరకాల కంపెనీలు ఉన్నాయి. చికాగోలోనూ అంతే, బ్యాంకులు, ఇన్సూరెన్స్, ఆస్పత్రులు, అన్నీ.

ఇక బుజ్జిదాని సంగతి. దానికిప్పుడు నాలుగేళ్లు, పదేళ్లలో పద్నాలుగు. డిపోలో ఉండగా కొల్లేటి పల్లెల నుంచి అర్జీలు వచ్చేవి, రాత్రి ఊళ్లోనే ఆగి పొద్దున్నే బయల్దేరే నైట్‌హాల్ట్ బస్సు తీసేయొద్దని. కలెక్షన్ లేదని ఒక ఊరికి తీసేశాం. ఆ చార్టు మీద నా సంతకం కూడా ఉంది. మగపిల్లలు ఏ సైకిలు మీదో, ఎవరి బండి వెనకో పోయారు. ఇంటర్ చదివే ఆడపిల్లలు నలుగురు మానేశారని తర్వాత ఆ ఊరి మాస్టారు బస్టాండుకి వచ్చి చెప్పి వెళ్లాడు. తిట్టలేదు. టీ కూడా తాగలేదు. లైబ్రరీకో, స్నేహితురాలింటికో వెళ్లడానికి బుజ్జిది మీ ఇద్దరి మీటింగులు అయ్యేదాకా కూర్చోకూడదని నా కోరిక.

చికాగో అని పేరు పెట్టుకుని ఏ మూలో కాలనీలో ఇల్లు తీసుకుంటే మళ్లీ ఫ్రిస్కోయే, చలి అదనం. మనవాళ్లు చాలామంది ఉండేది నేపర్‌విల్ వైపు. అక్కణ్ణుంచి ఊళ్లోకి మెట్రా రైలుంది, అరోరా బాలాజీ గుడి దగ్గర, స్కూళ్లు మంచివంటారు. మీ అమ్మకి గుడి, నాకు రైలు. స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు దొరికితేనే సుమా. అద్దె ఎక్కువే ఉంటుంది.

మీ అమ్మ మాట కూడా రాయాలి, లేకపోతే అన్నం పెట్టదు. "రేపు నాకో మీకో ఒంట్లో బాగోకపోతే పిల్లలిద్దరూ ఒకే ఊళ్లో ఉంటే ధైర్యం" అంటోంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ మేము అక్కడికి ఆరు నెలలు వచ్చి పోయే చుట్టాలం. మా సౌకర్యం చూసి ఊరు ఎంచుకోవద్దు.

ఒక్క పని చెయ్యి. ఆఫర్లకి జవాబివ్వడానికి ఇంకా నెల ఉందన్నావు. ఈ ఫిబ్రవరిలోనే శుక్రవారం బయల్దేరి చికాగోలో మూడు రాత్రులు ఉండండి. కారు అద్దెకి తీసుకోవద్దు. సోమవారం పొద్దున్న ఆఫీసు టైముకి ఆ ఆఫీసు దాకా వెళ్లి రా, చలిలో, జనంలో. తర్వాత వారం డాలస్‌లోనూ అలాగే, అన్నయ్య కారు ఎక్కకుండా. విమానం టికెట్ల డబ్బులు నేను పంపిస్తాను, అల్లుడుగారితో చెప్పకు.

బుజ్జిదాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక ఫోటో తీసి పంపు. ఎక్కేముందు బస్సుది కూడా ఒకటి తియ్యి, నంబరు కనపడేలా.

నాన్న