ఓసీడీకి మాత్రలొక్కటే దారి కాదు

సంపాదకులకు నమస్కారం.

ఓసీడీ (వద్దన్నా వచ్చే భయాలు, ఆలోచనల వల్ల కడగడం, సరిచూసుకోవడం లాంటి తంతులను పదేపదే చేసే మానసిక జబ్బు) అనగానే చాలామంది మాత్రల చీటీ కోసమే చూస్తారు. భయపడేదాన్ని ఎదుర్కొని, ఆ వెంటనే చేసే తంతును ఆపే పద్ధతిని 1966లోనే మనస్తత్వవేత్త విక్టర్ మేయర్ చూపించారు. జబ్బు మరీ ముదరనివారికి ఇది మాత్రలు లేకుండానే పనిచేయగలదు. భయాలకు 0 నుంచి 100 దాకా మార్కులు వేయించి, 30–40 దగ్గర మొదలుపెట్టాలి: తలుపు గడియ ముట్టుకుని, చేతులు కడుక్కోకుండా కూర్చోవడం లాంటివి. వారానికోసారి గంట, గంటన్నర చొప్పున 12–20 సార్లు. మిగతా రోజుల్లో ఇంటి దగ్గర సాధన.

బెడిసికొట్టేది చాటుమాటు తంతులతోనే. కడగడం మానేసి శానిటైజర్ రాసుకుంటారు, లేదా మనసులో లెక్కపెట్టుకుంటారు. "ఏం కాదులే నాన్నా" అని అమ్మ పదేపదే చెప్పే ధైర్యమూ ఆ తంతులో భాగమే (ఇది మాన్పించడం రోగితో కన్నా ఇంట్లోవాళ్లతోనే కష్టం). తీవ్రమైన జబ్బుకు మందులూ కలపాలి. వాడుతున్నవారు సొంతంగా ఆపకూడదు.

జిల్లా ఆస్పత్రుల్లో ఈ చికిత్సలో శిక్షణ పొందిన సైకాలజిస్టులను నియమించాలి.

– ఒక క్లినికల్ సైకాలజిస్టు