హిల్లరీ గెలిచిందని రాసింది నేనే

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నిక రోజును గుర్తు చేసుకుంటూ నెట్‌లో రాజకీయాలు రాసేవాళ్లు చెప్పిన ముచ్చట్లు మీ ఆదివారం సంచికలో చదివాను. చదువుతుంటే నవ్వాగలేదు. 2016లో ట్రంప్ వస్తాడని అందరికీ ముందే తెలుసట, గాలి ఎటు వీస్తోందో కనిపించిందట. మరి ఆ రోజుల్లో ట్రంప్ మీద పోటీ చేసిన హిల్లరీ క్లింటన్‌కు మంత్రివర్గం కూడా కూర్చి పెట్టినవాళ్లు ఎవరండీ? నాకు ఒకాయన తెలుసు. నేనే.

హనుమకొండలో డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అప్పట్లో నెట్‌లో తెలుగులో నాలుగు ముక్కలు రాసేవాణ్ణి, చదివేది ఓ రెండొందల మంది, అందులో సగం మా శిష్యులే. నవంబర్ 8 మంగళవారం సాయంత్రం 'హిల్లరీ ఎందుకు గెలిచింది' అని మొత్తం రాసేశాను. అక్కడ ఇంకా ఓట్లు వేస్తూనే ఉన్నారు, నేను మాత్రం కారణాలు కూడా చెప్పేశాను! రాత్రి ఎనిమిది దాటాక టీవీలో ప్రధాని వచ్చి 500, 1000 నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవన్నారు, ఇల్లంతా ఆ టెన్షన్‌లో పడింది. అయినా నాకు బుద్ధి లేదు, తెల్లవారుజామున లేచి అందరికంటే ముందుండాలని దాన్ని నెట్‌లో పెట్టాను.

ఏడింటికి మా పొలం కౌలుకు చేసే రైతు వచ్చాడు. ముందు రోజే ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మాడు. ఎరువుల దుకాణం వాళ్లిచ్చే ప్లాస్టిక్ సంచిలోంచి నోట్ల కట్ట తీసి టీపాయ్ మీద పెట్టాడు. అన్నీ 500లే, పత్తి దూది పోగులు ఇంకా రబ్బరు బ్యాండుకు అంటుకునే ఉన్నాయి. ఎదురుగా టీవీలో అమెరికా మ్యాపు ఒక్కో రాష్ట్రం ఎర్రబడుతోంది, ఎరుపంటే ట్రంప్ పార్టీ రంగు. "సారూ, గా అమెరికాల ఎవడు గెలిస్తే మనకేంది గని, గీ నోట్లు చెల్తయా చెల్లయా, గది చెప్పుండ్రి" అన్నాడు. బ్యాంకులు ఆ రోజు బంద్, ఏటీఎంలూ బంద్. చాయ్ తాగమన్నాను, అంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

తొమ్మిదిన్నరకల్లా ఫ్లోరిడా రాష్ట్రం ట్రంప్‌కు పోయింది. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో అంతా అయిపోయింది. నేను రాసింది ఎవరూ చూడకముందే తీసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. డిసెంబర్‌లో 'ట్రంప్ గెలుపు నాకు ముందే అనిపించింది' అని ఇంకో వ్యాసం రాశాను, దానికి మెచ్చుకోళ్లు కూడా వచ్చాయి.

నిజానికి ఆ గాలి ఎవరికి కనిపించేటంత ఉందని? దేశం మొత్తం మీద హిల్లరీకే 28 లక్షల ఓట్లు ఎక్కువ. కానీ అక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాల వారీగా వచ్చే ఎలక్టోరల్ ఓట్లు. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి సుమారు 78 వేల ఓట్ల తేడాతో 46 ఎలక్టోరల్ ఓట్లు ట్రంప్‌కు పోయాయి. మన వరంగల్ పార్లమెంటు సీటుకు 2015లో జరిగిన ఒక్క ఉప ఎన్నికలోనే మెజారిటీ 4 లక్షల 59 వేలు! మొత్తం అమెరికా సంగతి అందులో ఆరో వంతుతో తేలిపోయింది. దాన్ని ఇక్కడ కూర్చుని ముందే చూశామనేవాళ్లకు దండం పెట్టాలి.

ఈ జబ్బు కొత్తది కూడా కాదు. 2004 నవంబర్ 2న అమెరికా అధ్యక్ష ఎన్నిక పోలింగ్ నడుస్తుండగానే ఎగ్జిట్ పోల్ అంకెలు నెట్‌లో రాసేవాళ్ల చేతుల్లో పడ్డాయి, బుష్ మీద పోటీ చేసిన కెర్రీ ముందున్నాడని మధ్యాహ్నానికల్లా ఊరంతా చాటారు, చివరికి ఒహాయోలో లక్షా 18 వేల ఓట్లతో బుష్ బయటపడ్డాడు. మన దగ్గర ఓటింగ్ ముగిసేదాకా ఎగ్జిట్ పోల్ బయటపెట్టకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఏ సెక్షన్ ఉంది కాబట్టి సాయంత్రందాకా అయినా నోళ్లు కట్టేసి ఉంటాయి. ఫలితం వచ్చాక మాట మార్చకుండా ఆపే సెక్షన్ మాత్రం ఎక్కడా లేదు.

అందుకే ఒక మనవి. మళ్లీ ఇలాంటి పేజీ వేస్తే ఆ రోజు గురించి ఇప్పుడేమనుకుంటున్నారని అడగకండి. ఆ రోజు పొద్దున ఏం రాశారో తెచ్చి ఇమ్మనండి, తేదీ, టైముతో సహా. నేను తీసేసిన వ్యాసాన్ని అప్పుడే ఒక శిష్యుడు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాడట, ఈమధ్య ఒక పెళ్లిలో నలుగురి ముందు ఫోన్ తీసి చూపించాడు. ఆ కాపీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. జాగా ఉంటే వేసుకోండి, శీర్షిక మాత్రం మార్చొద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
హనుమకొండ